పట్టూ విడుపూ: కండరం గురించి ఒక ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. విరిగిన ఎడమ చేతికి వేసిన కట్టును ఆరు వారాల తరువాత విప్పినప్పుడు, కుడి జబ్బ పక్కన ఎడమ జబ్బ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నదానిలా కనిపించిందని రాశావు. కండ అంటే రబ్బరు లాంటిదనీ, సాగడమూ ముడుచుకోవడమే దాని పని అనీ ఇన్నాళ్ళూ అనుకున్నావట. వాడకుండా దాచిపెట్టిన రబ్బరు తరిగిపోదు కదా, మరి నా కండ ఎటు పోయిందని అడిగావు. రబ్బరు అనుకోవడంలోనే పొరపాటుంది. అయితే అందుకు నువ్వు చిన్నబుచ్చుకోనక్కరలేదు, ఎందుకంటే 1954 దాకా శాస్త్రవేత్తలలో చాలామంది ఇంచుమించు నీలాగే, కండరంలోని మాంసకృత్తులు మడతపడి పొట్టివవుతాయనే అనుకున్నారు. ఇరవయ్యేళ్ళకు పైగా పిల్లలకు ఈ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టు.

ముందుగా ఒక చిన్న పని చెయ్యి. కుడి ముంజేతిని బల్ల మీద వాల్చి, ఎడమ చేతి వేళ్ళను మోచేతికి కాస్త కింద ఆనించి, కుడి చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా మడిచి తెరువు. కదులుతున్నది వేలు, కానీ ఉబుకుతున్నది ముంజేయి అని నీకే తెలుస్తుంది. వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో లేవు. అవి అరచేతిలోనూ ముంజేతిలోనూ కూర్చుని, స్నాయువులనే గట్టి తాళ్ళతో వేళ్ళ ఎముకలను లాగుతాయి. లాగడం తప్ప కండరానికి ఇంకేమీ రాదు, నెట్టడం దానికి చేతకాదు. అందుకే మోచేతిని మడవడానికి ముందువైపు ఒక జట్టు, చాపడానికి వెనకవైపు మరొక జట్టు ఉండవలసివచ్చింది. నువ్వు తలుపును నెట్టినప్పుడు కూడా లోపల జరిగేది లాగుడే.

మన ఎముకలను పట్టుకుని ఉన్న ఇలాంటి కండరాలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఏ ఒక్కదాన్ని అడ్డంగా కోసి చూసినా పేనిన తాడు కోసినట్టే ఉంటుంది. మొత్తం కండరానికి ఒక తొడుగు, దానిలోపల కట్టలు, ప్రతి కట్టకూ మళ్ళీ ఒక పలుచని తొడుగు, కట్టలో పోగులు, ఒక్కొక్క పోగు చుట్టూ ఇంకా పలుచని పొర. ఈ తొడుగులన్నీ కండరం చివరికి వచ్చేసరికి ఒకదానితో ఒకటి కలిసి స్నాయువుగా మారి ఎముకలోకి దిగుతాయి కాబట్టి, ఏ మూలనున్న పోగు లాగినా ఆ బిగువు ఎముక దాకా చేరుతుంది. పాఠ్యపుస్తకాలు కండర తంతువు అని పిలిచే ఆ పోగే ఒక కణం. దాని మందం మిల్లీమీటరులో పదోవంతుకు మించదు, పొడవు మాత్రం కొన్ని కండరాలలో అనేక సెంటీమీటర్లు ఉంటుంది. పిండదశలో ఎన్నో చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఈ పొడవాటి కణం తయారవుతుంది, అందుకే ఒక్కొక్క పోగులో వందల కేంద్రకాలు ఉంటాయి.

ప్రయోగశాలలో పిల్లలకు ఈ పోగును సూక్ష్మదర్శినిలో చూపించడం నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు. రంగు పట్టించిన పలక మీద గులాబీ రంగు పట్టీలు పక్కపక్కన పరుచుకుని కనిపిస్తాయి, కేంద్రకాలు అంచులకు ఒత్తుకుపోయిన ఊదారంగు గింజల్లా ఉంటాయి. పెద్ద కటకానికి మార్చి సన్నగా సవరిస్తే, అంతసేపూ నున్నగా ఉన్న పట్టీ మీద ఒక్కసారిగా అడ్డగీతలు తేలుతాయి: ఒక ముదురు గీత, ఒక లేత గీత, మళ్ళీ ముదురు, మళ్ళీ లేత, చివరిదాకా అంతే. ఈ గీతల వల్లనే వీటిని రేఖిత కండరాలు అన్నారు. అసలు సంగతంతా ఆ గీతలలోనే ఉంది.

ముదురు గీతలు మయోసిన్ అనే మాంసకృత్తుతో చేసిన లావు దారాలు వరుసగా నిలిచిన చోట్లు. లేత గీతలు ఆక్టిన్ అనే మాంసకృత్తుతో చేసిన సన్నని దారాలు మాత్రమే ఉన్న చోట్లు. ప్రతి లేత గీత నడుమా ఒక సన్నని అడ్డగోడ ఉంటుంది, సన్నని దారాలు ఆ గోడకు రెండు వైపులా పాతుకుని ఉంటాయి. ఒక గోడ నుంచి తరువాతి గోడ దాకా ఉన్న గదిని సార్కోమియర్ అంటారు. దాని పొడవు మిల్లీమీటరులో నాలుగు వందలవ వంతు. ఎదురెదురు గోడల నుంచి వచ్చిన సన్నని దారాలు గది మధ్యలో ఉన్న లావు దారాల సందుల్లోకి, రెండు చేతుల వేళ్ళను ఒకదానిలో ఒకటి సగం దూర్చినట్టు, కొంత దూరి ఉంటాయి. నువ్వన్న సాగే గుణం బొత్తిగా లేదని కాదు. టైటిన్ అనే మాంసకృత్తు, మన శరీరంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది, గోడ నుంచి గది నడిమి దాకా స్ప్రింగులా ఉండి, కండరాన్ని మరీ సాగదీసినప్పుడు వెనక్కి తెస్తుంది. కానీ బలం పుట్టేది అక్కడ కాదు.

1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు అచ్చువేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడెర్గెర్కె రాసినది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసినది. హక్స్‌లీలు ఇద్దరికీ బంధుత్వమేమీ లేదు, వేరువేరు చోట్ల పనిచేస్తూ ఒకే మాటకు వచ్చారు. కండరం ముడుచుకునేటప్పుడు ముదురు గీత వెడల్పు మారడం లేదని, లేత గీత మాత్రమే సన్నబడుతోందని వాళ్ళు గమనించారు. లావు దారం పొట్టివవలేదు, సన్నని దారమూ పొట్టివవలేదు. ఒకదాని సందుల్లోకి ఒకటి జారుతున్నాయి, అంతే. పెట్టె అరను లోపలికి తోసినప్పుడు పెట్టె గానీ అర గానీ పొట్టివి కానట్టే, కండరంలో కూడా పొట్టివయ్యేది వాటి మొత్తం పొడవు మాత్రమే. విషయం తెలిశాక ఇంత సులువా అనిపిస్తుంది గానీ, అందరి కళ్ళముందూ ఏళ్ళ తరబడి ఉన్న గీతల వెడల్పును ఓపికగా కొలవడమే వాళ్ళు చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

జారించేది ఎవరంటే మయోసిన్ అణువుల తలలు. ఒక్కొక్క లావు దారంలో సుమారు మూడు వందల మయోసిన్ అణువులు, ఒక్కొక్కదానికి రెండేసి తలలు. బావిలో చేదను పైకి తెచ్చేవాడు తాడును ఒక చేత్తో లాగి, ఆ చేతిని వదిలి, ఇంకొంచెం ముందుకు చాచి మళ్ళీ పట్టుకున్నట్టు, ఈ తలలు ఆక్టిన్‌ను పట్టుకుని, మెడ వంచి లాగి, వదిలి, మళ్ళీ పట్టుకుంటాయి. అన్నీ ఒకేసారి వదలవు, వదిలితే చేద బావిలో పడుతుంది. ఇక్కడే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విశేషం ఒకటుంది. మనం శక్తి అంతా పట్టుకోవడానికే ఖర్చవుతుందనుకుంటాం. కానీ ఏ.టి.పి. అనే ఇంధన అణువు వచ్చి తలకు తగులుకుంటేనే తల ఆక్టిన్‌ను వదులుతుంది. ఆ తరువాత ఆ అణువు విడిపోగా వచ్చిన శక్తితో తల వెనక్కి వాలి, ఎక్కుపెట్టిన విల్లులా సిద్ధంగా నిలుస్తుంది. మళ్ళీ ఆక్టిన్ అందగానే ఆ విల్లు సడలి దారాన్ని లాగుతుంది. అంటే పట్టుకు కాదు, విడుపుకు కావాలి ఇంధనం. చనిపోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకుపోవడానికి కారణం ఇదే: ఏ.టి.పి. తయారీ ఆగిపోయింది, పట్టుకున్న తలలకు వదిలే దారి లేదు, ఆ దారాలే శిథిలమయ్యే దాకా ఆ బిగువు సడలదు. ఆక్టిన్‌నూ మయోసిన్‌నూ గాజుపాత్రలో కలిపి చేసిన పోగుల మీద ఏ.టి.పి. వేస్తే అవి ముడుచుకుంటాయని 1940ల తొలి యేళ్ళలో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, హంగరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-జార్జి బృందం చూపించింది. ప్రాణమున్న శరీరంతో సంబంధం లేకుండా, గాజుపాత్రలో కదలిక!

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. జబ్బ కండరంలో పది సెంటీమీటర్ల పోగు ఉందనుకో, దానిలో సుమారు నలభై వేల గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కొక్క గది మిల్లీమీటరులో రెండు వేలవ వంతు మాత్రమే ముడుచుకున్నా, మొత్తం మీద రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆ కండరం మోచేతికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ముంజేతి ఎముకకు తగులుకుని ఉంటుంది. అరచేయి దానికి ఏడెనిమిది రెట్ల దూరంలో ఉంది. అందువల్ల అక్కడి రెండు సెంటీమీటర్లు ఇక్కడ పదిహేను సెంటీమీటర్ల కదలికగా మారుతాయి. దానికి మూల్యమూ ఉంది: చేతిలో ఐదు కిలోల బరువు పట్టుకుంటే కండరం దానికి ఏడెనిమిది రెట్ల బలంతో లాగవలసి ఉంటుంది. ప్రకృతి మనకు బలాన్ని ఆదా చేసిపెట్టలేదు, వేగాన్ని ఇచ్చింది.

ఈ తలలను ఎవరు ఆపుతారు, ఎవరు కదలమంటారు అన్నది కూడా చెప్పాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఆక్టిన్ మీద మయోసిన్ పట్టుకునే చోట్లను వేరొక మాంసకృత్తు కప్పి ఉంచుతుంది. వెన్నుపాము నుంచి వచ్చిన నాడి చివర ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలైతే, పోగు పైపొర మీద ఒక విద్యుత్ అల పుట్టి, లోపలికి దిగే సన్నని గొట్టాల గుండా పోగు నడిమికి చేరి, అక్కడి సంచులలో దాచి ఉంచిన కాల్షియాన్ని వదలిస్తుంది. కాల్షియం ట్రోపోనిన్ అనే తాళానికి తగలగానే ఆ కప్పు పక్కకు జరుగుతుంది, తలలు పని మొదలుపెడతాయి. నాడి ఊరుకున్నప్పుడు కాల్షియాన్ని మళ్ళీ సంచుల్లోకి తోడాలి, దానికీ ఏ.టి.పి. కావాలి, ఇక్కడ కూడా ఖర్చు విడుపుకే. ఒక నాడీకణం కొన్ని పోగులను తన అదుపులో ఉంచుకుంటుంది. కంటిగుడ్డును తిప్పే కండరాలలో ఒక్కొక్క నాడీకణానికి పదీ పరక పోగులుంటే, పిక్కలో వెయ్యికి పైగా ఉంటాయి. పుస్తకంలో అక్షరం నుంచి అక్షరానికి చూపు అంత సున్నితంగా జరగడానికీ, పిక్క మోటుగా ఉన్నా నిన్ను మెట్లెక్కించడానికీ ఈ తేడాయే మూలం.

గుండె కండరంలోనూ ఇవే గీతలు, ఇవే దారాలు. అమరిక మాత్రం వేరు. దాని కణాలు పొట్టివి, కొమ్మలు వేసి ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకుల దగ్గర విద్యుత్తు సాగడానికి సన్నని దారులున్నాయి కాబట్టి ఒకచోట పుట్టిన అల అంతటా పాకి, గుండె ఒకే పోగులా కొట్టుకుంటుంది. ఒకసారి ముడుచుకున్నాక పావు సెకను దాకా అది రెండో పిలుపుకు పలకదు. లేకపోతే పిక్క పట్టేసినట్టు గుండె కూడా పట్టేసేది. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే ఈ కండరం విశ్రాంతి తీసుకునేది ప్రతి కొట్టుకు కొట్టుకు మధ్యనే. దాని కణంలో మూడోవంతు దాకా ఏ.టి.పి.ని తయారుచేసే మైటోకాండ్రియాలే నిండి ఉంటాయి, అంటే కణంలో పెద్ద భాగం వంటిల్లే.

గీతలు లేని కండరం మూడవది. పేగులలో, రక్తనాళాల గోడలలో, కంటిపాపలో, ఒళ్ళు గగుర్పొడిచినప్పుడు వెంట్రుకను నిలబెట్టే చోట కూడా అదే ఉంటుంది. నిదానంగా ముడుచుకుంటుంది, తక్కువ ఖర్చుతో గంటల తరబడి పట్టు నిలుపుతుంది, మన మాట వినదు. సుమారు డెబ్బై గ్రాముల గర్భాశయాన్ని నెలలు నిండేసరికి సుమారు పదకొండు వందల గ్రాములకు పెంచేది ప్రధానంగా ఈ కణాలు పొడవుగా, లావుగా ఎదగడమే.

ఇక నీ జబ్బ దగ్గరకు వస్తాను. పోగుల లెక్క పెద్దగా తగ్గలేదు, ప్రతి పోగూ సన్నబడింది. కండరంలోని మాంసకృత్తులు రోజూ కొంత విరుగుతూ కొంత కొత్తగా తయారవుతూ ఉంటాయి. లాగే పని లేనప్పుడు తయారీ మందగించి, విరుపు దాన్ని మించిపోతుంది. కణం పాత దారాలకు యుబిక్విటిన్ అనే చిన్న చీటీ అంటించి, వాటిని ముక్కలు చేసి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి పంపుతుంది. శరీరం వాటిని వేరే పనులకు వాడుకుంది. నిజం చెప్పాలంటే నీ కండను ఈ ఆరు వారాలలో నువ్వే తినేశావు, దొంగ కోసం ఇంకెక్కడా వెతకనక్కరలేదు. మోచేయి మడిచి ఉంచారు కాబట్టి ముందువైపు కండరం పొట్టిగానే ఉండిపోయింది; అలా ఉంచిన కండరం వరుసలోని గదులను కూడా కొన్నిటిని తీసేసుకుంటుంది. చేయి పూర్తిగా చాపలేకపోవడానికి బిగుసుకున్న కీలు ఒక కారణమైతే, ఇది రెండవ కారణం.

పోయినదంతా తిరిగి వచ్చే ఏర్పాటు ఉంది. ప్రతి పోగు పక్కనే నిద్రపోతున్నట్టుండే చిన్న కణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశాడు. పోగుకు దెబ్బ తగిలినప్పుడు అవి లేచి, విభజన చెంది, పోగులో కలిసి కొత్త కేంద్రకాలను ఇస్తాయి. అయితే మొదటి రెండు మూడు వారాలలో నీకు వచ్చే బలం ఎక్కువగా నాడుల వల్లనే వస్తుంది, నిద్రాణంగా ఉన్న పోగులను మెదడు మళ్ళీ పిలవడం నేర్చుకుంటుంది. బరువును పైకెత్తడం కన్నా నెమ్మదిగా దించడం వల్లనే మర్నాడూ ఎల్లుండీ నొప్పి ఎక్కువగా ఉంటుంది, దాన్ని చూసి ఎముక మళ్ళీ విరిగిందని కంగారు పడకు. లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఆ నొప్పి వస్తుందని నీతో ఎవరైనా అంటే నమ్మకు. అది పని ఆగిన గంటా రెండు గంటలలో రక్తంలోంచి వెళ్ళిపోతుంది. ఆ నొప్పి పోగులలో ఏర్పడిన సూక్ష్మమైన చిరుగుల వల్లా, వాటి చుట్టూ వచ్చే వాపు వల్లా కలుగుతుంది.

మోచేతి మడతకు పది సెంటీమీటర్ల పైన రెండు చేతుల మీదా ఒక గుర్తు పెట్టుకుని, వారానికొకసారి అక్కడే టేపుతో చుట్టుకొలత తీసి, ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తగలిగావో పక్కన రాసి నాకు పంపు. బరువు అంకె ముందు పెరుగుతుందనీ, టేపు అంకె చాలా వారాలు వెనకబడి వస్తుందనీ నా లెక్క. తప్పితే వచ్చే ఉత్తరంలో నువ్వు నన్ను వెక్కిరించవచ్చు.

ఇట్లు,
నీ మిత్రుడు