సీలింగు మూయకముందే

పెరంబూరు, చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీకి,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు మామూలే. వాట్సాప్‌లో రాస్తే రెండు నీలి గీతలు పడతాయి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. అందుకని కాగితం తీశాను.

వినాయక చవితికి ముందు నువ్వు పంపిన ప్లాను ప్రింటు తీయించి గోడకు అంటించుకున్నాను. హాల్లో నాలుగు సున్నాలు, పడగ్గదిలో రెండు, బాత్‌రూంలో ఒకటి. "సీలింగు స్పీకర్లు నాయనా, ఎట్లా పెట్టాలో చూసి చెప్పు" అన్నావు. చూశాను. చెబుదామని నాలుగుసార్లు ఫోన్ చేశాను. బుధవారం పదకొండున్నరకు ఎత్తి "మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా" అన్నావు. వెనకాల కుక్కరు కూసింది. ఇంటి నుంచే పని అయ్యుంటుంది, ఈ రోజుల్లో మామూలేగా. నేనేమీ అడగడం లేదు.

స్పీకర్ల సంగతికి వస్తాను. హాల్లో ఆ నాలుగింటినీ మీ ఇంటీరియర్ అబ్బాయి ఫ్యాను చుట్టూ ముగ్గు చుక్కల్లా పెట్టాడు. చూడ్డానికి బాగుంటుంది, వినడానికి కాదు. రెక్కలు తిరుగుతుంటే పాట వణుకుతుంది. అలాగని గోడకు తోసెయ్యొద్దు, కనీసం రెండడుగులు వదలాలి. మీ సీలింగు తొమ్మిదడుగులకు వస్తుందన్నావు. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నాలుగడుగుల ఎత్తు. మధ్యలో మిగిలింది ఐదు. స్పీకరు తొంభై డిగ్రీలు విప్పుకుంటుందనుకో, చెవి దగ్గరకొచ్చేసరికి పదడుగుల వెడల్పు గొడుగు పడుతుంది. ఒక గొడుగు అంచు ఇంకోదాని మీదికి కాస్త ఎక్కాలి. ఏడెనిమిది అడుగుల ఎడం పెట్టుకో, చాలు.

టీవీ మాటలు మాత్రం వీటిలోంచి వద్దు. హీరో టీవీలో పెదాలు కదిపి ఫ్యానులోంచి మాట్లాడినట్టుంటుంది. అల్లుడుగారు డాల్బీ అట్మాస్ అన్నారు కదా, చుట్టూతా, నెత్తి మీద నుంచీ శబ్దం వినిపించే ఏర్పాటు, అందులో 5.1.2 అంటే చివరి రెండే పైకప్పువి. ఐదు చెవి ఎత్తున ఉండాలి, ఆ ఒకటి కింద కూర్చుని బరువు శబ్దాలు మోగించే సబ్‌వూఫరు. అన్నీ నెత్తి మీదే పెట్టేస్తే అది అట్మాస్ కాదు, బస్టాండు. అల్లుడుగారు ఎలా ఉన్నారు? ఆఫీసుకు రోజూ వెళ్తున్నారా?

మొన్న పాలబూత్ దగ్గర మన నెల్లూరు మేస్త్రి తమ్ముడు కనిపించాడు. "అమ్మాయిగారింట్లో సీలింగుకు ఫ్రేము కట్టాక, బోర్డు ఎక్కించొద్దు ఆపమన్నారంట, నెల దాటింది" అన్నాడు. చేసిన కాడికి లెక్క చూసి పైసాతో సహా ఇచ్చారనీ చెప్పాడు, ఆ మాట దాచకూడదు. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ "జిప్సం బోర్డు దొరకలేదేమో" అంది. బెంగుళూరులో జిప్సం దొరక్కపోవడమేమిటి! నేనేమీ అనలేదు. ఆమె కూడా ఆ పూట ఇంకేమీ అనలేదు.

ఆగితే ఆగింది, ఒకందుకు మంచిదే. వైరు లాగాల్సింది ఇప్పుడే. స్పీకర్లు ఎప్పుడైనా కొనొచ్చు. ఈ సంక్రాంతి కాకపోతే పై సంక్రాంతి, అసలు కొనకపోయినా కొంప మునగదు. కానీ బోర్డు ఎక్కాక వైరు లాగడం అంటే కుట్టేసిన దిండులోకి మళ్ళీ దూది కూరడమే. మొత్తం పనిలో వైరు ఖర్చు లెక్కలోకి రాదు. రెండు కోర్ల రాగి వైరు, పద్నాలుగు గేజి. దగ్గర గదులకు పదహారు చాలు గానీ, ఒకే కాయిల్ అయితే గొడవ లేదు. ఆంప్లిఫయరు పెట్టే చోటి నుంచి ఒక్కో స్పీకరుకూ విడిగా, మధ్యలో అతుకు లేకుండా. కరెంటు పైపులోనే దూర్చేస్తామంటారు, ఒప్పుకోకు. అడుగు దూరం ఉండాలి. దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటాలి, పక్కపక్కనే సాగితే హమ్మింగ్ ఎక్కుతుంది. చివర మీటరు వైరు చుట్టి స్లాబు హుక్కుకు కట్టి వదిలేయాలి. స్పీకరు చేతికి రాకుండా బోర్డుకు కన్నం కోయనివ్వకు, కంపెనీని బట్టి కొలత మారుతుంది. డబ్బాలోనే కాగితపు అచ్చు వస్తుంది, అది పెట్టి గీసుకుని కోయాలి. బోర్డు ఎక్కించే ముందు గోడ నుంచి టేపు పరిచి ప్రతి వైరుకూ ఫోటో తీయి. బద్ధకించకు.

ఫోటో ఎందుకంటున్నానో చెబుతాను. 1994, నువ్వు పుట్టిన ఏడు. అప్పటిదాకా నేను గుళ్ళకూ పెళ్ళిళ్ళకూ మైకు సెట్లు అద్దెకివ్వడమే తప్ప సీలింగు పని ముట్టుకోలేదు. ఒక కల్యాణ మండపం వాళ్ళు భోజనాల హాలుకు పదహారు స్పీకర్లు బిగించమన్నారు. మండపాల్లో ఇంట్లోలా ఓమ్స్ (స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందనే కొలత) లెక్క కాదు, 100 వోల్టుల లైను. ఒకే వైరు హాలంతా తిరుగుతుంది. ఒక్కో స్పీకరు వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద 5 వాట్లా 10 వాట్లా అని ఎంచుకోవచ్చు. అన్నీ కూడితే ఆంప్లిఫయరు వాట్లు దాటకూడదు, అంతే. పదహారు పదులు నూట అరవై, నా ఆంప్లిఫయరు 250. లెక్క కుదిరిందని పెద్ద ఇంజనీరులా ఫీలయ్యాను.

తీరా చూస్తే వైరు ఆరడుగులు తక్కువ. రిచీ స్ట్రీటుకు పోయి రావాలంటే పూట పడుతుంది, పైగా ఎండ. సంచిలో మిగిలిన ముక్కను మెలిపెట్టి, టేపు చుట్టి, పైన వదిలేశాను. ఎవరు చూడొచ్చారు! ఆ సాయంత్రమే నెల్లూరు నుంచి కబురు, మీ అమ్మకు నొప్పులని. ఉన్నపళంగా బయల్దేరాను. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి మేస్త్రి సీలింగు మూసేసి రంగు కూడా కొట్టేశాడు. అతుకు ఎక్కడ వేశానో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. నీ ముఖం చూసొచ్చిన మనిషికి అతుకు ఏం గుర్తుంటుంది?

మొదటి పెళ్ళి. ముందు రాత్రి సరిగ్గా వడ్డన వేళకు ఫట్ మని ఫ్యూజు పోయింది. మార్చాను, మళ్ళీ పోయింది. టేపు వదులైందో, ఎలుక కొరికిందో, మొత్తానికి షార్టు. బంతులు లేచాక నిచ్చెన వేసి, అందాజుగా ఒక చోట కన్నం పెట్టాను. లేదు. ఇంకోటి. లేదు. కింద వంటవాళ్ళు రేపటి వంకాయలు తరుగుతున్నారు, తరిగిన వాటి మీద సున్నం రాలుతోంది, వాళ్ళు తమిళంలో నా ఏడు తరాలనూ తలుచుకుంటున్నారు. నాలుగో కన్నంలో దొరికింది, మొదటి దానికి జానెడు అవతల. తెల్లారి ఆ నాలుగు కన్నాలకూ మామిడాకులు వేలాడదీశారు. పెళ్ళికూతురి మేనమామ పైకి చూసి "ఇదేం అలంకారం?" అంటే, మండపం మేనేజరు "ఇప్పుడు ఇదే ఫ్యాషను సార్" అన్నాడు. మంచివాడు.

సీలింగు బాగుచేయించిన ఖర్చు నా కూలిలో పట్టుకున్నారు. స్పీకర్లు నేను అప్పు మీద తెచ్చినవి. మా పెళ్ళికి మీ తాతయ్య పెట్టిన ఉంగరం తాకట్టు పెట్టి, పనిలో అడ్డమొస్తోందని తీశానని మీ అమ్మతో చెప్పాను. మండపం డబ్బు ఇంకా రాలేదనీ చెప్పాను. రెండు నెలలు అదే మాట. రాత్రుళ్ళు నిద్ర పట్టక వాకిట్లో తిరిగేవాణ్ణి. ఒకరోజు టెస్టరు సంచిలో తాకట్టు చీటీ ఆమె కంట పడింది. ఈ రోజుతో నా పని అయిందనుకున్నాను. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. "ఇంతేనా! గుండెజబ్బు పెట్టుకుని దాస్తున్నావని వెంకన్నకు తలనీలాలు మొక్కుకున్నాను కదయ్యా" అంది. తిరుమలలో మీ అమ్మ గుండుతో నిన్నెత్తుకున్న ఫోటో ఉందే, అది నీ మొక్కని చెబుతూ వచ్చాం. నీది కాదు. ఆ పదహారు స్పీకర్లది.

ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోయాను! మీ ఇంటి ఓమ్స్ చెప్పనే లేదు. మీవి 8 ఓమ్స్ స్పీకర్లు. నాలుగింటినీ ఒకే ఛానల్‌కు పారలల్‌గా తగిలిస్తే 2 ఓమ్స్‌కు పడిపోతుంది, ఆంప్లిఫయరు వేడెక్కి మొరాయిస్తుంది. ఎడమకు రెండు, కుడికి రెండు అయితే 4 ఓమ్స్. ఆంప్లిఫయరు వెనక 4 ఓమ్స్ పనికొస్తుందని రాసుందో లేదో చూసి కొను. బాత్‌రూంకు సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు రెండున్న ఒక్క స్టీరియో స్పీకరు చాలు, దానికి మాత్రం నాలుగు కోర్ల వైరు లాగాలి. స్పీకరు మధ్యలోని కాగితం కోను ఆవిరికి మెత్తబడుతుంది, పాలీప్రొపిలీన్‌ది అడుగు. స్పీకరు పక్కనుండే బిగింపు రెక్కలు 12.5 మిల్లీమీటర్ల బోర్డును పట్టుకుంటాయి గానీ, వాటినే నమ్ముకోకుండా స్టీలు తీగతో స్లాబుకు కట్టించు. సోఫాలో వెల్లకిలా పడుకుని ఫోను చూసే అలవాటు నీది.

వెనక డబ్బా ఉన్న స్పీకర్లే తీసుకో, లేకపోతే శబ్దం పై అంతస్తుకూ పోతుంది. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఇళ్ళ మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన రూల్సు. మా మైకు సెట్లకు పదింటికి తాళం వేసింది ఆ రూల్సే, అందుకని కంఠతా వచ్చు.

డబ్బు సంగతి నేను ఎత్తకూడదనుకున్నాను. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మన షాపు ఎలా ఉండేదో నీకు తెలుసు. తమిళుల ఆడి నెలలో అమ్మవారి గుళ్ళు మైకు పెట్టించేవి కాబట్టి గంజి గడిచేది. ఒకటో తారీకున జీతం వచ్చే ఇంట్లో పెరిగినదానివి కాదు నువ్వు. మరి ఎవరి దగ్గర మొహమాటం? ఈఎంఐ ముందు, మిగతావన్నీ తర్వాత. క్రెడిట్ కార్డుతో ఈఎంఐ కట్టే పని మాత్రం పెట్టుకోకు. ఇంత చదువుకున్న పిల్లవు, నేను చెప్పాలా! చూశావా, లెక్చరు కొట్టనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను. పోస్టాఫీసు పొదుపు కాగితాలు వచ్చే నెల చేతికొస్తున్నాయి. మాకు ఇక్కడ వాటితో పనేమీ లేదు.

ఫ్రేము కట్టిన ఇంట్లో పడుకుంటున్నావు, ఆ దుమ్ము నీ ఆయాసానికి పడదు. పడగ్గది తలుపు కింద తడిగుడ్డ పెట్టు. పఫ్ తలగడ పక్కనే ఉందా?

గురువారం పొద్దున బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కు వస్తున్నాను. టికెట్ తీసేశాను, వద్దనకు. కె.ఆర్. పురంలో దిగి ఆటో పట్టుకుంటాను, నువ్వు రానక్కర్లేదు, మీటింగులు ఉంటాయి కదా. తొంభై మీటర్ల కాయిల్ నిన్ననే రిచీ స్ట్రీటులో తెచ్చి మంచం కింద పెట్టాను. నిచ్చెన ఒకటి అడిగి ఉంచు. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ, కారప్పొడి, ఇంకా ఏవేవో కడుతోంది. సంచి బరువు సంగతి ఆమెకు ఎవరు చెబుతారు?

మీ నాయన

మరిచాను. ఆ కుక్కరు కూత సరిగ్గా లేదు. ఆవిరి పక్కనుంచి పోతున్నట్టు వినిపించింది, గాస్కెట్ అరిగి ఉంటుంది. ఇక్కడ కొని తెస్తాను. మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా, అదొక్కటీ రాసి పంపు.