‘మానేసింది’ అని రాయకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏటా అక్టోబరు 11న, అంతర్జాతీయ బాలికా దినోత్సవం నాడు, మీ పత్రిక ఒక పేజీ ఆడపిల్లల చదువుకు కేటాయిస్తోంది. అందుకు ముందుగా కృతజ్ఞతలు. ఆ పేజీలో మలాలా ఫొటో ఉంటుంది. బడికి దూరంగా ఉన్న బాలికలు ఎంతమందో యునెస్కో లెక్క ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఆ లెక్క 12 కోట్లు దాటింది. ఆ అంకె పక్కనే ఎప్పుడూ ఒక మాట కనిపిస్తుంది: ‘బడి మానేసిన బాలికలు’. నా ఉత్తరం ఆ మాట గురించే.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని నేను. ఆ మాట నా చేత్తో నేనూ ఎన్నోసార్లు రాశాను. ఒక ఏడాది సెలవులు అయిపోయి బడి తెరిచాక, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రాలేదు. నెల రోజులు ఆబ్సెంటు వేశాను. తర్వాత పద్ధతి ప్రకారం ఎర్ర సిరాతో పేరు కొట్టేసి, ఎదురుగా ‘మానేసింది’ అని రాశాను. మర్నాడు ఆ క్లాసు పిల్లలిద్దరు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఒకమ్మాయి అక్కడి నుంచే అంది: “టీచర్, తను మానెయ్యలేదు. మాన్పించారు.”

నాకు జవాబు తోచలేదు. వాళ్లు నన్ను ఆ ఇంటికి తోడు రమ్మన్నారు. ఇంటి విషయాల్లో మనం తలదూర్చడం ఎందుకని తోటివాళ్లు అన్నారు. నేనూ రెండు రోజులు ఆ మాట చాటునే ఉండిపోయాను. మూడో రోజు వెళ్లాను. గుమ్మంలో తల్లి, లోపల చంకన పసివాణ్ని ఎత్తుకుని మా క్లాసు అమ్మాయి. ఆ తల్లి చదువు వద్దని అనలేదు. “నేను పనికి పోతే వీణ్ని ఎవరు చూస్తారమ్మా?” అని అడిగింది. నా దగ్గర దానికీ జవాబు లేదు. పిల్లల దగ్గర ఉంది. నోట్సులోంచి చింపిన కాగితం మీద స్కేలుతో గళ్లు గీసి, సోమవారం నుంచి శనివారం దాకా ఏ పూట ఎవరి ఇంట్లో పెద్దవాళ్లు ఖాళీగా ఉంటారో, పసివాణ్ని ఎవరి దగ్గర దించాలో రాసుకొచ్చారు. ఆ ఇళ్లవాళ్లందరినీ ముందే అడిగి ఒప్పించారట. ఆ తల్లి కాగితం చాలాసేపు చూసింది. ఆవిడకు చదవడం రాదు. కూతురే ఒక్కో గడీ చదివి వినిపించింది.

తర్వాతి సోమవారం ఆ అమ్మాయి బడికి వచ్చింది. నేను కొట్టేసిన పేరును రిజిస్టరులో మళ్లీ అట్టడుగున రాయాల్సి వచ్చింది.

ఆ ఇద్దరినీ ఎవరూ కార్యకర్తలు అనలేదు. కానీ ఆడపిల్లల చదువు కోసం నిలబడిన పిల్లల గురించి ఎక్కడ చదివినా నాకు ఆ గళ్ల కాగితమే గుర్తొస్తుంది. పేరు పొందినవాళ్లు చేసిన పని కూడా మొదట్లో అలాంటిదే. మలాలా అనగానే 2012 అక్టోబరు 9న తాలిబన్లు ఆమెపై జరిపిన కాల్పులూ, 2014లో పదిహేడేళ్ల వయసులో కైలాస్ సత్యార్థితో కలిసి అందుకున్న నోబెల్ శాంతి బహుమతీ చెబుతాం. దానికంటే చాలా ముందే, 2009 జనవరిలో, పదకొండేళ్ల మలాలా ‘గుల్ మకాయ్’ అనే మారుపేరుతో బీబీసీ ఉర్దూకి డైరీ రాసింది. ఆ నెల 15 తర్వాత ఆడపిల్లలెవరూ బడికి వెళ్లకూడదని పాకిస్థాన్‌లోని స్వాత్ లోయలో తాలిబన్లు హుకుం జారీ చేసిన రోజులవి. ఆ డైరీలో మొదటి రోజే ఒక లెక్క ఉంది: క్లాసులో 27 మందికి ఆ రోజు 11 మందే వచ్చారు. ఇంకో రోజు యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రమ్మన్నారని రాసింది. తనకిష్టమైన గులాబీ రంగు గౌను వేసుకుని వెళ్తే, రంగురంగుల బట్టలు కూడా వద్దన్నారట. సెలవులు ఇచ్చేటప్పుడు ప్రిన్సిపాల్ బడి మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పలేదని కూడా ఆ పిల్ల కనిపెట్టింది. లెక్కల టీచర్‌గా చెబుతున్నాను, 27లో 11 అని రాసుకోవడం చిన్న పని కాదు. రానివాళ్లు 16 మంది అని తేల్చి చెప్పడమది. వాళ్లలో ఏ ఒక్కరూ తమంతట తాము మానెయ్యలేదు.

కాల్పుల్లో గాయపడింది మలాలా ఒక్కతే కాదు. ఆమె ఉన్న బడి బండిలోనే పక్కనున్న ఇద్దరు అమ్మాయిలకూ తూటాలు తగిలాయి. కోలుకుని వాళ్లూ చదువు కొనసాగించారు. మన పత్రికల్లో వాళ్ల ప్రస్తావన ఎంత ఉంటుందో మీకు తెలుసు.

‘మాన్పించారు’ అన్నాక ‘ఎవరు?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఆ ప్రశ్నను పట్టుకుని కోర్టు దాకా వెళ్లిన అమ్మాయిలున్నారు. జింబాబ్వేలో లవ్‌నెస్ ముడ్జూరు, రువింబో సొపోద్జీ ఇద్దరూ చిన్నతనంలోనే పెళ్లి అయినవాళ్లు. బాల్య వివాహాలను అనుమతించే చట్టం చెల్లదని దేశ రాజ్యాంగ న్యాయస్థానంలో కేసు వేశారు. 2016 జనవరి 20న కోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆ దేశంలో పద్దెనిమిదేళ్లు నిండని పెళ్లి చెల్లదు. టాంజానియాలో 1971నాటి వివాహ చట్టం అమ్మాయికి పదిహేనేళ్లకు తల్లిదండ్రుల సమ్మతితో, పద్నాలుగేళ్లకైతే కోర్టు అనుమతితో పెళ్లి చెయ్యనిస్తుంది. యువ న్యాయవాది రెబెకా గ్యూమి దాన్ని సవాలు చేసి 2016లో హైకోర్టులో గెలిచింది. ప్రభుత్వం అప్పీలుకు వెళితే 2019లో అక్కడా గెలిచింది. ఏడాదిలోగా చట్టం సవరించమని కోర్టు చెప్పినా ఆ గడువు దాటిపోయింది, సవరణ మాత్రం రాలేదు. గెలుపు వార్త వేసిన పత్రికలు గడువు దాటిన సంగతి కూడా అదే పేజీలో వెయ్యాలని నా కోరిక.

గర్భవతులైన విద్యార్థినులు బడికి రాకూడదని సియెర్రా లియోన్‌లో నిషేధమే ఉండేది. అది వివక్ష అని పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2019 డిసెంబరులో తేల్చాక, 2020 మార్చిలో ఎత్తేశారు. అప్పటిదాకా ఆ అమ్మాయిల పేర్లకు ఎదురుగా రిజిస్టర్లలో ఏం రాసి ఉంటారో నేను ఊహించగలను.

అన్నిటికంటే నన్ను కలచివేసేది అఫ్గానిస్థాన్. 2022 మార్చి 23న ఆడపిల్లల హైస్కూళ్లు తెరుస్తున్నామని అక్కడి తాలిబన్ పాలకులు అన్నారు. పిల్లలు సంచులు సర్దుకుని వెళ్లారు. కొన్ని గంటలు తిరక్కుండానే ఇళ్లకు పొమ్మన్నారు. తరగతి గది దాకా వచ్చి కూర్చున్న పిల్లను లేచి వెళ్లమనడం ఎలా ఉంటుందో పాఠాలు చెప్పిన ఎవరైనా చెప్పగలరు. ఆ ఏడాది డిసెంబరులో యూనివర్సిటీలు మూశారు. 2024 డిసెంబరులో నర్సింగు, మంత్రసాని శిక్షణ తరగతులు కూడా. ఇంత జరుగుతున్నా అక్కడ ఇళ్లలో, రహస్యంగా, పిల్లలు చదువుతూనే ఉన్నారు, పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారు. మతీయుల్లా వెసా అనే యువకుడు పెన్ పాత్ అనే సంస్థ పెట్టి, మోటారు సైకిలు మీద పుస్తకాలు వేసుకుని మారుమూలలకు తిరిగేవాడు. ఆడపిల్లలకు బడులు తెరవండని బహిరంగంగా అడిగేవాడు. 2023 మార్చిలో అతన్ని అరెస్టు చేసి దాదాపు ఏడు నెలలు నిర్బంధించారు. ఇది ఆడపిల్లలు ఒక్కళ్లే పడాల్సిన పాటు అనుకునే మగవాళ్లు అతని గురించి చదవాలి.

చదువుకోవలసిన వయసులో పిల్లలకు ఉద్యమాలేమిటని అనేవాళ్లుంటారు. ఆ మాటలో నిజం ఉంది, నేను కాదనను. పదకొండేళ్ల పిల్ల మారుపేరు పెట్టుకుని డైరీ రాయాల్సిన అవసరమే రాకూడదు. నా క్లాసు పిల్లలిద్దరూ పసివాణ్ని ఎవరు చూడాలో గళ్లు గీసే బదులు ఆ సాయంత్రం ఆడుకుని ఉండాల్సింది. వాళ్లు ఆ కాగితం తయారు చేసింది నేను రిజిస్టరులో గీత గీసి చేతులు దులుపుకున్నందుకే. అందుకని పిల్లలు ఊరుకోవాలని అనేవాళ్లు ముందు ఆ గళ్ల కాగితాన్ని తమ చేతుల్లోకి తీసుకోవాలి. తీసుకోనంత కాలం పిల్లల్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. వాళ్లను వేదిక ఎక్కించి శాలువా కప్పి పంపేస్తే సరిపోతుందనుకోవడం కూడా నాకు నచ్చదు. శాలువాలు కప్పేవాళ్లలో ఎంతమంది ఒక ఇంటి గుమ్మం దాకా తోడు వెళతారు?

ఇక మిమ్మల్ని కోరేది. మీ వార్తల్లో ‘బడి మానేసిన బాలికలు’ అన్నచోట, కారణం తెలిస్తే ఆ కారణమే రాయండి: పెళ్లి చేసి మాన్పించారు, పనికి పెట్టి మాన్పించారు, చట్టం చేసి మాన్పించారు. కారణం తెలియకపోతే ‘బడికి దూరమైన’ అనండి చాలు. ఒక్క మాట మారితే ఏమవుతుందని మీ డెస్కులో ఎవరైనా అడగవచ్చు. ఆ ఒక్క మాట విన్నాకే నేను ఆ ఇంటికి వెళ్లాను. రెండోది, అఫ్గాన్ బాలికల బడుల వార్త అక్టోబరు కోసం ఆగకుండా నెలకోసారైనా వెయ్యండి. కొత్తగా ఏమీ జరగకపోతే, తలుపులు ఈ నెలా తెరవలేదనే వెయ్యండి.

వచ్చే అక్టోబరు పేజీలో మలాలా ఫొటో పక్కన ఆమె డైరీలోని ఆ రెండు అంకెలు, 27, 11, కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే బాగుంటుంది. తీసివేత నేర్పే రోజు నేను బోర్డు మీద ఆ అంకెలే వేసేదాన్ని. జవాబు చెప్పాక పిల్లలు తప్పకుండా అడిగేవారు, ఆ పదహారు మందీ ఎక్కడున్నారు టీచర్ అని.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని