మళ్లీ ఫ్లైవీల్ పని మొదలుపెట్టాను

పటమట, విజయవాడ

ప్రియ మిత్రమా,

నువ్వూ వదినగారూ పిల్లలూ క్షేమమని తలుస్తాను. మొన్న ఫోనులో నేను మళ్లీ ఫ్లైవీల్ (తిరుగుతూ శక్తిని దాచుకునే బరువైన చక్రం) పని మొదలుపెట్టానని చెప్పగానే, ఇంటింటా ఇన్వర్టర్లూ బ్యాటరీలూ ఉన్న ఈ రోజుల్లో ఇనుప చక్రం తిప్పి ఏం తెలుసుకుంటావని అడిగావు. అది ఫోనులో తెమిలే సంగతి కాదు గనుక తీరికగా రాస్తున్నాను.

మనిద్దరం చిన్నప్పుడు రైసు మిల్లు దగ్గర నిలబడి చూసిన ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజన్ నీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే మంట పుడుతుంది. మిగిలిన మూడు స్ట్రోకులూ పిస్టన్‌ను నడిపించేది పక్కనున్న ఆ బరువైన చక్రాలే. స్విట్జర్లాండ్‌లో ఓర్లికాన్ కంపెనీ ఇదే సూత్రంతో ఏకంగా బస్సునే నడిపింది. 1953లో ఇవర్డాన్ పట్టణంలో తిరిగిన ఆ గైరోబస్సులో టన్నున్నర బరువున్న చక్రం నిమిషానికి 3,000 చుట్లు తిరిగేది. స్టాపులో కరెంటు అందుకుని మళ్లీ వేగం పుంజుకునేది.

నా చక్రం చాలా చిన్నది. ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు నుంచి 20 మిల్లీమీటర్ల మందం గల మైల్డ్ స్టీల్ ప్లేటు తెచ్చి, గ్యాస్ కటింగ్‌తో గుండ్రంగా కోయించి, మధ్యలో ఇరుసు దూరే హబ్ వెల్డింగ్ చేయించి, 300 మిల్లీమీటర్ల వ్యాసానికి లేత్ యంత్రం మీద టర్నింగ్ చేయించాను. హబ్ కాకుండా చక్రం బరువు 11 కిలోలు. హబ్‌ను లేత్ పట్టు అయిన చక్‌లో పట్టించి అంచు, ముఖం, బోరు (మధ్య రంధ్రం) మూడూ ఒకే బిగింపులో పూర్తి చేయాలని నేను చెప్పబోయేలోపే ఆ టర్నర్, "విప్పి మళ్లీ బిగిస్తే సెంటర్ పోద్ది సార్" అన్నాడు. లారీ బాడీలు కట్టే షెడ్ల నడుమ అంత నేర్పు గల చేతులు నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం నా భాగ్యమని నిజంగా అనుకుంటున్నాను.

లెక్క నీకు తెలిసిందే. నిమిషానికి 1,500 చుట్ల వేగంలో ఇది దాచుకునేది సుమారు 1,500 జౌళ్లు. నష్టాలు లేవనుకుంటే 10 వాట్ల బల్బు రెండున్నర నిమిషాలు వెలగడానికి సరిపోతుంది. వేగం రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లవుతుంది, కానీ చక్రాన్ని చీల్చాలని చూసే ఒత్తిడి కూడా నాలుగు రెట్లే అవుతుంది. అందుకే ప్రస్తుతానికి 1,500 దాటడం లేదు. మందపాటి ఇనుప కవచం బిగించకుండా మోటారు వేయను. నువ్వు వచ్చినా చక్రం తిరిగే వరుసలో నిన్ను నిలబడనివ్వను.

ఇక నన్ను కట్టిపడేస్తున్న విషయం, చక్రం ఆగే తీరు. పూర్తి వేగం అందుకున్నాక మోటారును విడదీసి, వేగం 100 చుట్లు తగ్గినప్పుడల్లా సమయం రాసుకుంటున్నాను. మొదట్లో వేగం గబగబా పడిపోతుంది, గాలి ఆపుతున్నదన్నమాట. కిందికి వచ్చేకొద్దీ గాలి ప్రభావం సన్నగిల్లి, తగ్గుదల దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. అది బేరింగుల ఘర్షణ. ఉదాహరణకు ఆ దశలో నిమిషానికి 300 చుట్ల వేగం తగ్గడానికి ఒక నిమిషం పట్టిందనుకుంటే, చక్రం జడత్వ భ్రామకాన్ని (తిరుగుడులో మార్పును అది ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలతను) బట్టి ఆపుతున్న టార్క్ (తిప్పుడు బలం) సుమారు 0.065 న్యూటన్ మీటర్లని తేలుతుంది. అంత చిన్న విలువను కొలిచే సాధనం కొనాలంటే ఎంతవుతుందో ఆలోచించు. ఇక్కడ స్టాప్‌వాచీ, చుట్ల వేగం కొలిచే టాకోమీటరూ చాలు, చక్రమే మిగతాది చెబుతుంది. చిట్టచివర ఆగబోతూ అది వెనక్కీ ముందుకీ ఊగిందంటే, ఒక పక్క బరువు ఎక్కువైందని అర్థం. కిందికి వచ్చి నిలిచే ఆ పక్కన చిన్న బెజ్జం వేసి ఇనుము తీసేస్తే సరిపోతుంది.

వేసినవి 25 మిల్లీమీటర్ల ఇరుసుకు సరిపోయే 6205 రకం బేరింగులు. రబ్బరు సీలు ఉన్నవి తీసి రేకు మూత ఉన్నవి వేశాక చక్రం మరింత సేపు తిరుగుతోంది, ఎందుకంటే ఆ సీలు లోపలి రింగును ఒరుసుకుంటుంది. గ్రీజు కూడా నిండా కూరకూడదు. ఖాళీలో మూడో వంతుంటే చాలు. బెజవాడ ఎండకు గ్రీజు పలచబడి మధ్యాహ్నపు ఫలితం తెల్లవారుజాము ఫలితంతో కలవదు గనుక, గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాస్తున్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. ఇదే 11 కిలోల ఇనుమును అంచుకు చేర్చగలిగితే అదే వేగంలో శక్తి రెట్టింపుకు దగ్గరవుతుంది. ఆకులు (స్పోకులు) పెడితే అవి గాలిని చిలుకుతాయి కాబట్టి, హబ్‌కూ అంచుకూ మధ్య పలచని నిండు ప్లేటు ఉండాలని నా అభిప్రాయం. డ్రాయింగులో నీ చేతికి నా చేయి సాటి రాదు. అంచు వెడల్పూ, మధ్య ప్లేటు మందమూ, అవి కలిసే చోట ఉండవలసిన వంపూ నిర్ణయించి, 25 మిల్లీమీటర్ల ఇరుసుకు సరిపోయేలా గీసి పంపు. వెల్డింగు లేకుండా ఒకే దిమ్మె నుంచి తీయడం మేలనిపిస్తే ఆ మాట కూడా రాయి. దిమ్మె ధర ఆటోనగర్‌లో కనుక్కుని ఉంచుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు