తలుపు తట్టి రావాలట

మెల్‌బోర్న్,
14 జూన్ 2026

అమ్మా,

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? మేమంతా బాగున్నాం. ఇక్కడ చలి మొదలైంది, పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీక్కుని బయల్దేరాల్సి వస్తోంది.

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "పద్నాలుగేళ్ళ పిల్ల గదిలోకెళ్ళి గడియ వేసుకుంటే ఊరుకుంటావేమే?" అని. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేదు. పిల్లలిద్దరూ పక్కనే ఉన్నారు. నువ్వేమో స్పీకర్ పెట్టి మాట్లాడతావు, పక్కింటి పిన్నిగారి దాకా వినిపిస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక మాట, కోపం తెచ్చుకోకు. బాబుకి పదహారు. వాడూ గడియ వేసుకుంటాడు. వాడి గురించి నువ్వూ అడగలేదు, ఈయనా అడగలేదు. మా ఇంట్లో తలుపు గొడవంతా చిన్ని తలుపు గురించే. తీరా చూస్తే మాకు టెన్షన్ వచ్చింది వాడి వల్ల.

ఏప్రిల్‌లో వాడి స్కూలు జాకెట్ ఉతకడానికి వేస్తూ జేబులు చూశాను. స్కెచ్ పెన్నులాంటిది దొరికింది. గులాబీ రంగు, ఒక కొసన చిన్న రంధ్రం, పుచ్చకాయ వాసన. ఏదో పెన్నే అనుకుని బల్ల మీద పెట్టేశాను కూడా. ఈయన వచ్చి చూసి "ఇది వేప్ కదా" అన్నారు. సిగరెట్టుకి తమ్ముడనుకో. పొగ బదులు ఆవిరి పీలుస్తారు, చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. 2024 జులై నుంచి ఇక్కడ మందుల షాపులో తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు. అయినా పిల్లల జేబుల్లోకి వచ్చేస్తున్నాయి.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, వాడు స్కూలుకెళ్ళాక గదంతా వెతికాను. పరుపు కింద, షూ పెట్టెల్లో, పుస్తకాల వెనక. దొరికిందల్లా మాకు చూపించని లెక్కల పేపరు ఒకటి, వందకి 41, జత కుదరని సాక్సులు పదకొండు. అన్నీ ఎక్కడివక్కడే పెట్టేశాను. సాయంత్రం వాడు పైకెళ్ళిన రెండు నిమిషాల్లో కిందికి దిగొచ్చి, "నా దుప్పటి ఎవరు మడతపెట్టారు?" అన్నాడు. చేతి అలవాటమ్మా, పక్క సర్ది, దుప్పటి మడిచి మరీ వచ్చాను! నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వేప్ గురించి అడగాల్సిన నేను దుప్పటికి సంజాయిషీ చెప్పుకున్నాను.

ఆ నాలుగు రోజులూ నాకు ఒక ఇన్‌లాండ్ కవరే గుర్తొచ్చింది. ఇంటర్ సెలవుల్లో గుంటూరు నుంచి నా స్నేహితురాలు రాసింది. నాన్న విప్పి చదివి, అన్నం మెతుకులతో అతికించి నాకిచ్చారు. అంచున ఎండిన మెతుకు గోటికి తగిలింది. లోపల ఉన్నదల్లా జువాలజీ రికార్డులో బొద్దింక బొమ్మ సంగతి. నేనేమీ అనలేదు. కానీ ఆ తర్వాత దాని ఉత్తరాలు మనింటికి రాలేదు, వీధి చివర ఫ్యాన్సీ షాపు అక్క దగ్గరికి వచ్చేవి. నీకిది ఇన్నాళ్ళకి చెబుతున్నాను. నాన్నకి చదివి వినిపించేటప్పుడు ఈ నాలుగు వాక్యాలూ దాటెయ్యి.

ఇక్కడి పద్ధతులు కొన్ని నాకూ మొదట్లో మింగుడుపడలేదు. చిన్నికి పద్నాలుగు నిండగానే దాని ఆరోగ్య రికార్డు ఆన్‌లైన్‌లో మాకు కనిపించడం ఆగిపోయింది. ఇక అది అనుమతి ఇస్తేనే చూడాలి. డాక్టరమ్మ కూడా "మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అంది. టీకాల తేదీలన్నీ కంఠతా వచ్చిన నేను బయట చేపల తొట్టె చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. కారెక్కాక అదే చెప్పింది, నెలసరి నొప్పి గురించి అడిగానని.

నువ్వు పేపర్లో చదివిన చట్టం కూడా అమల్లోకి వచ్చింది. పోయిన డిసెంబరు 10 నుంచి పదహారు నిండని పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్ లాంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. జరిమానా కంపెనీలకే, పిల్లలకీ మాకూ కాదు. సగం బెంగ తీరిందనుకున్నాను. కానీ వాట్సాప్‌కి ఆ చట్టం వర్తించదు, చిన్ని స్నేహితులంతా అందులో చేరారు. అర్ధరాత్రి దుప్పటి కింద వెలుగు అలాగే ఉంది.

బాబు అలక తీరాక నలుగురం కూర్చున్నాం. నిజానికి నా భయం తలుపుల గురించి కాదు, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరు దాకా. స్కూలు వదిలాక మేం వచ్చేవరకు ఇల్లు వాళ్ళదే. ఎన్నేళ్ళు వస్తే పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలొచ్చో మా విక్టోరియా రాష్ట్ర చట్టంలో ఒక వయసంటూ లేదు, తల్లిదండ్రుల విచక్షణకే వదిలారు. ఆ వేళలో స్నేహితులెవరైనా వస్తే ముందే మాకు చెప్పాలి, హాల్లోనే కూర్చోవాలి. మేమున్నప్పుడు గదిలోకి వెళ్ళొచ్చు గానీ తలుపు తెరిచి ఉంచాలి. ఆ నియమం ఇద్దరికీ ఒకటే. దీని మీద ఈయనతో రెండు రాత్రులు వాదన. "ఆడపిల్ల సంగతి వేరు కదా" అన్నారు. "వేప్ ఎవరి జేబులో దొరికింది?" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒంటరిగా ఉన్నప్పుడు గడియ వేసుకోవచ్చు. మేం తట్టాలి, లోపల్నుంచి పలికేదాకా ఆగాలి. ఈ గడియలకి బయటివైపు చిన్న గాడి ఉంటుంది, పది సెంట్ల బిళ్ళ పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. ఆ బిళ్ళ దేవుడి అరలో కుంకుమ భరిణె పక్కన, అందరికీ తెలిసేలా పెట్టాం. ఎంత తట్టినా పలక్కపోతేనే తీయాలి. ఇంతవరకు తీయలేదు. రాత్రి పదింటికి నాలుగు ఫోన్లూ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టాలి. పిల్లలు పాటిస్తున్నారు. క్రికెట్ స్కోరు వంకతో ఈయనే దొంగచాటుగా దిగొస్తున్నారు.

వేప్ రెండుసార్లే పీల్చానన్నాడు బాబు. నమ్మానా అంటే, ముప్పాతిక వంతు. ఉతికే ముందు జేబులు మాత్రం ఇప్పటికీ చూస్తున్నాను.

ఇంకో సంగతి అడగాలి. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని నేను వారపత్రికల్లో సీరియళ్ళు చదివేదాన్ని, నీకు తెలియదనుకునేదాన్ని. వడియాలు తీయడానికి వస్తూ నువ్వు మెట్టు మెట్టుకీ బకెట్టు మోగించేదానివి. ఖాళీ బకెట్టు! పుస్తకం దాచుకోవడానికి నాకు సరిగ్గా అంత టైమే పట్టేది. కావాలనే చేసేదానివా?

నవంబరులో నువ్వొస్తున్నావంటే చిన్ని నిన్ననే అడిగింది, "అమ్మమ్మ నా గదిలోనే పడుకుంటుందిగా?" అని. "మరి అమ్మమ్మ కూడా తలుపు తట్టి రావాలా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అక్కర్లేదు, గాజులు వినిపిస్తాయిగా" అంది.

ఆవకాయ తెస్తే విమానంలో ఇచ్చే కార్డులో తినే వస్తువులున్నాయని తప్పకుండా రాయి. చలికోటు ఇక్కడే ఉంది, మళ్ళీ కొనకు.

నీ కూతురు