పేరు చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు

మా ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర రాద్దామని కూర్చుంటే దొరికినవి అట్టలు ఊడిన స్కోరు పుస్తకాలు. ఒక్కదాని మీదా సంవత్సరం లేదు, ఒకటే టెన్షన్. అప్పుడు మీరు ఓపిగ్గా పక్కన కూర్చుని దారి చూపించారు. ఎల్లో కార్డు రాసి ఉంటే ఆ పేజీ 1970కి ముందుది కాదు, ప్రపంచకప్‌లో కార్డులు మొదలైంది ఆ ఏడాదే అన్నారు. గెలుపుకి 2 పాయింట్లే వేస్తే పాతదై ఉండొచ్చు. ప్రపంచకప్‌లో 3 పాయింట్లు 1994లో వచ్చాయి. అయితే లీగులన్నీ ఒకేసారి మారలేదు కాబట్టి ఆ సంవత్సరాలు పెన్సిల్‌తోనే రాయమన్నారు. (ఆ జాగ్రత్త నాకు భలే నచ్చింది.) సిరా అలుక్కుపోయిన గోల్‌కీపర్ పేరునైతే కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చదివేశారు! అయ్యా, మా క్లబ్ అందరి తరఫున మీకు కృతజ్ఞతలు. పుస్తకం అచ్చయ్యాక మొదటి కాపీ మీదే, తప్పకుండా వచ్చి తీసుకోండి.