బీడు వేరు, కోసుకుపోయిన చెలక వేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మా మండలం గురించి వచ్చిన వార్తలో గుట్ట కింది చెలకలన్నిటినీ, అంటే ఎర్రమట్టి మెట్ట చేలన్నిటినీ, మీ పత్రిక ‘బీడు భూములు’ అని రాసింది. అందులో రెండెకరాలు మావి. అవి బీడు కాదు. దుక్కి మానేస్తే భూమి బీడవుతుంది, మళ్లీ నాగలి పెడితే పంటకు వస్తుంది. మా జనగామ వైపు దాన్నే పడావు అంటాం. బోరు ఎండినా, పెట్టుబడి లేకపోయినా, రైతు బతుకుదెరువుకు పట్నం పోయినా భూమి పడావు పడుతుంది. మట్టి మాత్రం అక్కడే ఉంటుంది.

మా రెండెకరాల్లో ఆ మట్టే లేదు. ఎర్ర చెలక, పైన జానెడు మట్టి, దాని కింద గులకరాళ్ల మొరం. వాలు వెంట దున్నాం, తెగిన గట్లు మళ్లీ వేయలేదు. తప్పు మాదే. గట్టి వాన పడ్డప్పుడల్లా నీళ్లు ఎర్రగా పారి చెరువులో కలిసేవి. మొదట చేను అడుగున చిన్న గండి పడింది. ఒర్రె, అంటే వాన నీళ్లు కోసిన కాలువ, కింది నుంచి పైకి కోసుకుంటూ వస్తుందని అప్పట్లో మాకు తెలియదు. ఇప్పుడది చేను నడుమ దాకా వచ్చింది, దిగితే నడుము లోతు ఉంది. చుట్టూ మొరం తేలింది.

సర్కారు లెక్కల్లో ఈ తేడాలు కొంతవరకు ఉన్నాయి. ఒక్క ఏడాది సాగు ఆపితే ఒక పద్దు, ఐదేళ్ల లోపు ఆపితే ఇంకో పద్దు, సాగుకు రాని బంజరుకు వేరే పద్దు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే వృథా భూముల అట్లాసులో ఒర్రెలు పడ్డ నేల ఒక రకం, చౌడు ఇంకో రకం, రాతి నేల మరో రకం. వార్తల్లోకి వచ్చేసరికి అన్నీ బీడు, లేదంటే బంజరు.

మాటదేముంది అనుకోకండి. బీడుకు దుక్కి చాలు. చౌడుకు జిప్సం చల్లుతారు, జీలుగ వేసి కలియదున్నుతారు. కోసుకుపోయిన నేలకు ముందు వాలుకు అడ్డంగా గట్లు పడాలి, ఒర్రెలో రాతికట్టలు కట్టాలి, ఆ తర్వాతే మట్టి తోలాలి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక మా చెరువు పూడికను ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఆ పూడికలో మా చెలకల మట్టి కూడా ఉంది. మేం అడిగితే ‘బీడుకు మట్టెందుకు’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోలేదు. పనికిరాని భూమే కదా అని మొరం టిప్పర్లు కూడా ఇటువైపే చూస్తున్నాయి.

మా ముసలివాళ్లు దీన్ని ‘కోసుకుపోయిన చెలక’ అంటారు. చదివినవాళ్లకు వెంటనే అర్థమయ్యే మాట. దయచేసి అదే అచ్చు వేయండి. ఉపాధి హామీ పనుల్లో ఇక్కడ గట్లు వేయించమని వచ్చే గ్రామసభలో అడగబోతున్నాం. ఎవరైనా మీ పేపరు చూపించి ‘ఇది బీడే కదా’ అంటే, మీరు వేసిన సవరణ మా చేతిలో ఉండాలి.

— ఒక రైతు, జనగామ జిల్లా