ముసుగు వీరులు, నేరముఠాలు: మన కామిక్స్ పాఠకుల సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఆమోదించిన తీర్మానం మేరకు ఈ ఏడాది మన పఠనమంతా ఒకే అంశం మీద సాగింది: అమెరికన్ కామిక్స్‌లో ముసుగు వేసుకున్న వీరుడు నేరముఠాతో తలపడే కథలు. గ్రహాంతరవాసులు, లోకప్రళయాలు ఉన్న పుస్తకాలను కార్యవర్గం కావాలనే పక్కన పెట్టింది. కొందరు సభ్యులు నొచ్చుకున్నారు కానీ, 1939లో 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ తొలిసారి అడుగుపెట్టిన కథలో సైతం శత్రువు రాక్షసుడు కాడని, రసాయనాల కంపెనీ కోసం తోటి భాగస్వాములను చంపించే వ్యాపారి అని గుర్తుచేశాక వారూ సమ్మతించారు.

మొదటి అర్ధసంవత్సరాన్ని ఫ్రాంక్ మిల్లర్ రచనకు, డేవిడ్ మజుకెల్లి బొమ్మలకు కేటాయించాం. 1986లో వచ్చిన డేర్‌డెవిల్ కథ 'బోర్న్ అగైన్'లో కింగ్‌పిన్ అనే ముఠా నాయకుడికి, పగలు అంధ న్యాయవాదిగానూ రాత్రి డేర్‌డెవిల్ అనే ముసుగు వీరుడిగానూ బతికే మ్యాట్ మర్డాక్ రహస్యం అమ్మకానికి దొరుకుతుంది. అతడు వెంటనే మనుషులను పంపడు. పన్నుల శాఖ చేత ఖాతాలు స్తంభింపజేయిస్తాడు, ఒక పోలీసు అధికారి చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించి వకీలు పట్టా పోగొడతాడు. మర్డాక్ ఇదంతా తన గ్రహచారం అనుకుంటూనే ఉంటాడు. చివరికి ఇంటికి బాంబు పెట్టడమే కింగ్‌పిన్ చేసిన పొరపాటు, ఎందుకంటే శిథిలాల మధ్య తన ముసుగు దుస్తులు కంటబడగానే ఇది ఎవరి పనో మర్డాక్‌కు తెలిసిపోతుంది. ఎంత పెద్ద వీరుడైనా గుమాస్తా సంతకాన్ని పిడికిలితో ఆపలేడన్న మాట ఆ సాయంత్రం పుట్టిందే. ఆ తర్వాత ప్రతి చర్చలోనూ అదే తిరిగి తిరిగి వచ్చింది. 1987లో వీరిద్దరే చేసిన 'బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్' గురించి ఒక్క సమావేశంలోనే ముగించాం, అందులోని అవినీతి పోలీసులకు మరింత సమయం ఇవ్వవలసిందని నా అభిప్రాయం.

రెండో అర్ధసంవత్సరమంతా జెఫ్ లోబ్, టిమ్ సేల్ 1996-97లో 13 సంచికలుగా వెలువరించిన 'ద లాంగ్ హాలోవీన్'తోనే గడిచింది. కార్మైన్ ఫాల్కోన్ ముఠాను కూల్చాలని బ్యాట్‌మ్యాన్, పోలీసు అధికారి గోర్డన్, ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ మేడ మీద ఒప్పందం చేసుకుంటారు. ముఠా సొమ్మును బ్యాంకులోకి రానివ్వకుండా బ్రూస్ వేన్ (ముసుగు తీస్తే బ్యాట్‌మ్యాన్ ఇతడే) అడ్డుపడటంతో నోట్లు గోదాములో గుట్టలుగా పేరుకుపోతాయి. ఒక రాత్రి బ్యాట్‌మ్యాన్, డెంట్ కలిసి వాటిని తగలబెడతారు. ఈలోగా ఎవరో పండగకొకరిని చొప్పున చంపుతుంటారు. హంతకుడు వదిలి వెళ్ళేది ఒక .22 పిస్తోలు, చప్పుడు వినపడకుండా దాని గొట్టానికి తొడిగిన పాలపీక, ఆ పండగకు సంబంధించిన ఒక చిన్న వస్తువు. ఆ పాలపీక బొమ్మ దగ్గర మన సభ్యులు ఆగినంతసేపు మరే పోరాట దృశ్యం దగ్గరా ఆగలేదు.

వీరుల ఒప్పందం నెరవేరిందా లేదా అన్న వాదం రెండు సాయంత్రాలు నడిచింది. కోర్టులో ఆమ్లం పడి ముఖం కాలిన డెంటే టూ-ఫేస్ అనే నేరస్థుడిగా మారి ఫాల్కోన్‌ను కాల్చి చంపుతాడు కనుక ముఠా కూలిన మాట నిజమే. అయితే ఫాల్కోన్ తానే కిరాయికి పిలిచిన విచిత్ర వేషధారులకు ఊరు మిగిలిపోతుంది. చట్టం మనిషినే పోగొట్టుకున్న గెలుపును గెలుపుగా లెక్కించకూడదని ఎక్కువమంది అన్నారు. నేనూ వారి వైపే చేయెత్తాను.

సంఘం కొన్న పాత ప్రతిలో చివరి పుటలు లేకపోవడం వల్ల ముగింపును ఒక సభ్యురాలు తన సొంత ప్రతి నుంచి చదివి వినిపించారు. వారికి కృతజ్ఞతలు. అమ్మిన దుకాణం సొమ్ము తిరిగి ఇచ్చింది, ఆలస్యంగానే అయినా. జమాఖర్చుల పట్టీని విడిగా పంపుతున్నాం.

వచ్చే ఏడాదికి 1974లో స్పైడర్‌మ్యాన్ కథలో ప్రవేశించిన, నేరస్థులను తానే చంపే పనిషర్ అనే పాత్రను తీసుకోవాలని ప్రతిపాదన వచ్చింది. ఆయన చొక్కా మీద పుర్రె బొమ్మ ఉందే తప్ప ముఖానికి ముసుగు లేదని కోశాధికారి అభ్యంతరం తెలిపారు. దీన్ని సర్వసభ్య సమావేశమే తేల్చవలసి ఉంది. ఆ రోజు వచ్చేటప్పుడు, తీసుకెళ్ళిన సంపుటాలను కూడా వెంట తేవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి